క్లాడ్ బూర్జెలా

క్లాడ్ బూర్జెలా (మార్చి 27, 1712 - జనవరి 3, 1779) ఫ్రాన్సు దేశానికి చెందిన అశ్వశాస్త్రవేత్త, పశువైద్య విద్యకు ఆద్యుడు. ప్రపంచంలో మొట్టమొదటి పశువైద్య పాఠశాలను 1761లో లియోన్ నగరంలో నెలకొల్పాడు. ఆ తరువాత పారిస్ సమీపాన ఆల్ఫోర్‌లో రెండవ పాఠశాలను స్థాపించాడు. స్వతహాగా ఈయన వైద్యుడు కాడు, గుర్రపుస్వారీ నేర్పే గురువు. గుర్రాల శాలలో అడుగుపెట్టిన మనిషి కోత బల్ల దగ్గరకు ఎలా చేరాడన్నదే ఈయన జీవితంలో ముఖ్యమైన ఘట్టం.

బాల్యము, యౌవనము

బూర్జెలా లియోన్ నగరంలో సంపన్న వర్తక కుటుంబంలో జన్మించాడు. తండ్రి పియేర్ బూర్జెలా నగర పాలకవర్గంలో సభ్యుడిగా పనిచేసి, ఆ పదవి వలన కులీన హోదా పొందాడు. క్లాడ్‌కు ఏడేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. ఆ పిమ్మట కుటుంబంలో ఆస్తి తగాదాలు తలెత్తాయి.

ఈయన మొదట న్యాయవాదిగా పనిచేశాడనీ, ఒక అన్యాయపు దావాను గెలిపించినందుకు మనసు నొచ్చుకుని ఆ వృత్తిని వదిలేశాడనీ పాత జీవితచరిత్రలన్నీ చెబుతాయి. వినడానికి బాగున్న కథే గాని, దానికి దస్తావేజుల ఆధారం లేదని ఇటీవలి చరిత్రకారులు తేల్చారు. సైన్యంలో మస్కటీరుగా కొంతకాలం ఉన్నాడనే మాట కూడా ఈ కథతోపాటే ప్రచారంలోకి వచ్చింది. రూఢిగా తెలిసినంతవరకు ఈయన వృత్తిజీవితం గుర్రాలతోనే మొదలయింది.

1740లో లియోన్ నగరపు అశ్వారోహణ అకాడమీకి బూర్జెలా అధిపతిగా నియమితుడయ్యాడు. కులీనుల పిల్లలకు స్వారీ, కత్తిసాము, గణితం, సంగీతం నేర్పే సంస్థ అది. సుమారు పాతికేళ్ళు ఈయన దానిని నడిపాడు. 1744లో స్వారీ కళపై తన మొదటి పుస్తకాన్ని ప్రచురించాడు. పదిహేడవ శతాబ్దపు ఆంగ్ల అశ్వారోహకుడు న్యూకాసిల్ ప్రభువు పద్ధతులను సంస్కరించి చెప్పిన ఆ గ్రంథం ఐరోపాలో మంచి పేరు తెచ్చుకుంది. అక్కడితో ఆగి ఉంటే బూర్జెలా పేరు నేడు స్వారీ నేర్చుకునేవారికి మాత్రమే తెలిసి ఉండేది.

ఆనాటి అశ్వవైద్యము

పద్దెనిమిదవ శతాబ్దంలో గుర్రం లేనిదే రాజ్యం నడిచేది కాదు. సేనకు, తపాలాకు, దుక్కికి, బండికి అన్నిటికీ గుర్రమే ఆధారం. అయినా గుర్రానికి జబ్బు చేస్తే పిలవడానికి వైద్యుడు ఉండేవాడు కాదు. లాడాలు కొట్టే కమ్మరే వైద్యుడు. అతని విద్య తండ్రి దగ్గరో, యజమాని దగ్గరో చూసి నేర్చుకున్నది. కాలి జబ్బుల విషయంలో ఆ అనుభవం చాలావరకు పనికివచ్చేది, ఎందుకంటే గిట్టను అతడు రోజూ చేతితో పట్టుకుని చూసేవాడు. కడుపు విషయం అలా కాదు. కడుపులో ఏముందో అతడు ఎన్నడూ చూసి ఎరుగడు.

గుర్రాలను ఎక్కువగా చంపిన జబ్బులలో శూల, అనగా తీవ్రమైన కడుపునొప్పి ముఖ్యమైనది. నిన్న సాయంత్రం దాణా తిన్న గుర్రం తెల్లవారేసరికి నేలపై పొర్లుతూ, చెమటతో తడిసి కనిపించేది. కమ్మరి వచ్చి మెడ నరం కోసి రక్తం తీసేవాడు. నూనె, సారా, కషాయాలు కలిపి సీసాతో లేదా కొమ్ముతో గొంతులో పోసేవారు. వస్తి చేసేవారు, మలాశయంలో చేయి పెట్టి గట్టిపడిన లద్దెను తీసేవారు. కొన్ని గుర్రాలు లేచి నిలబడేవి, మరికొన్ని చచ్చిపోయేవి. ఏది ఎందుకు బ్రతికిందో, ఏది ఎందుకు చచ్చిందో చెప్పగలవారు లేరు. చచ్చినదానిని పొట్ట కోసి చూసే అలవాటు లేకపోవడమే అందుకు కారణం.

గుర్రం కడుపు నిర్మాణం విచిత్రమైనది. అది గడ్డి తినే జంతువే అయినా ఆవు వలె నెమరు వేయదు. దాని జీర్ణాశయం శరీర పరిమాణంతో పోల్చితే చాలా చిన్నది. సుమారు 8 నుండి 15 లీటర్లు మాత్రమే పడుతుంది. ఆహారవాహిక జీర్ణాశయాన్ని కలిసే చోట కండరం ఎంత బిగువుగా ఉంటుందంటే, గుర్రం వాంతి చేసుకోవడం దాదాపు అసాధ్యం. లోపల వాయువు గాని, ద్రవం గాని నిండితే పైకి వచ్చే దారి లేదు, జీర్ణాశయం పగిలిపోయే ప్రమాదం ఉంది. గుర్రం ఎందుకు వాంతి చేసుకోదన్న ప్రశ్న ఆ శతాబ్దపు శాస్త్రజ్ఞులను ఆకర్షించింది. మోంపెల్యే నగరానికి చెందిన శస్త్రవైద్యుడు లామోరియే 1733లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీకి ఇదే విషయంపై ఒక వ్యాసం సమర్పించాడు.

జీర్ణాశయం తరువాత సుమారు 20 మీటర్ల చిన్నప్రేగు ఉంటుంది. దాని తరువాత మీటరు పొడవున సంచి వంటి ఉండుకం, ఆపైన పెద్దప్రేగు. గడ్డిలోని పీచు సూక్ష్మజీవుల వలన పులిసి జీర్ణమయ్యేది ఈ చివరి రెండింటిలోనే. పెద్దప్రేగు రెండు మడతలుగా వంగి పొట్టలో చాలావరకు వదులుగా పడి ఉంటుంది. కటి ప్రాంతం దగ్గర అది వెనుకకు మళ్ళే చోట ఒక్కసారిగా సన్నబడుతుంది. ఎండుగడ్డి ఎక్కువై, నీరు తక్కువైతే మేత గట్టిపడి అడ్డుపడేది ఎక్కువగా ఈ మలుపులోనే. వదులుగా ఉన్న ప్రేగు వాయువుతో ఉబ్బి స్థానం తప్పినా, మెలిక పడినా రక్తప్రసారం ఆగిపోతుంది. కనుక శూల అనేది ఒక జబ్బు పేరు కాదు. వేర్వేరు కారణాల వలన కలిగే ఒకే బాధకు పెట్టిన పేరు. ఈ భేదం తెలియాలంటే ముందు ప్రేగులు ఎలా అమరి ఉన్నాయో తెలియాలి.

అశ్వశాస్త్ర గ్రంథము

కమ్మరుల అనుభవం చాలదని గ్రహించిన బూర్జెలా లియోన్‌లోని శస్త్రవైద్యుల స్నేహం సంపాదించాడు. వారిలో క్లాడ్ పూతో, షార్మెటన్ ముఖ్యులు. మనుష్యుల శరీరాలను కోసి చదివే పద్ధతిని వారి నుండి నేర్చుకుని, చచ్చిన గుర్రాలను అదే క్రమంలో పరిశీలించాడు. నలభయ్యవ పడికి దగ్గరపడిన వయసులో, సంఘంలో గౌరవం గల అకాడమీ అధిపతి కుళ్ళుతున్న గుర్రపు కళేబరం ముందు కత్తి పట్టుకుని నిలబడడం ఆనాటి కులీనులకు వింతగానే తోచి ఉంటుంది.

ఆ పరిశ్రమ ఫలితమే 1750 నుండి 1753 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన అశ్వశాస్త్ర మూలసూత్రాల గ్రంథం. మొదటి సంపుటం గుర్రపు బాహ్యరూపాన్ని వివరిస్తుంది. తరువాతి సంపుటాలు శరీరం లోపలి నిర్మాణానికి కేటాయించబడ్డాయి. ఈ గ్రంథం వలన 1752లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ఈయనను తన విలేఖక సభ్యునిగా చేర్చుకుంది. డిడెరో, డాలంబేర్ సంపాదకత్వంలో వెలువడుతున్న సుప్రసిద్ధ ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వానికి ఈయన గుర్రాలు, స్వారీ, లాడాల పని, పశురోగాలపై రెండు వందలకు పైగా వ్యాసాలు రాశాడు.

లియోన్ పాఠశాల

1754లో లియోన్ ప్రాంతానికి రాజప్రతినిధిగా వచ్చిన హెన్రీ బెర్తిన్‌తో ఏర్పడిన స్నేహం బూర్జెలా జీవితాన్ని మలుపు తిప్పింది. వ్యవసాయాన్ని వృద్ధి చేయాలని తపనపడిన అధికారి బెర్తిన్. 1759లో అతడు ఫ్రాన్సు ఆర్థికమంత్రి అయ్యాడు. ఆ కాలంలో పశువుల ముసర వ్యాధి, అనగా రిండర్‌పెస్టు, ఐరోపా అంతటా పశుసంపదను తుడిచిపెడుతున్నది. పశువులకు వైద్యం చేయగల మనుష్యులను తయారు చేయాలన్న బూర్జెలా ఆలోచన మంత్రికి నచ్చింది. 1761 ఆగష్టులో రాజసభ అనుమతి లభించింది. ఆరు సంవత్సరాలలో చెల్లించేటట్లు 50,000 లివ్రుల ధనసహాయం మంజూరైంది.

లియోన్ శివారులోని గియోతియేర్ పేటలో ఒక పాత సత్రపు భవనంలో 1762 ఆరంభంలో పాఠశాల తెరుచుకుంది. చేరినవారిలో కమ్మరుల, రైతుల కుమారులు ఎక్కువ. చదవడం, రాయడం వచ్చి ఉంటే చాలు. పొడుగాటి సిద్ధాంతాలు బోధించడం బూర్జెలాకు ఇష్టం లేదు. విద్యార్థులు కళేబరాలను కోయాలి, కొలిమి దగ్గర లాడాలు చేయాలి, ఔషధ మొక్కలను తోటలో గుర్తించాలి, పాఠశాలకు వచ్చిన జబ్బు గుర్రాలకు స్వయంగా సేవ చేయాలి. ముందు చదివినవారు వెనుక వచ్చినవారికి పాఠం చెప్పాలి. మన వీధిబడులలో పెద్దపిల్లలు చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించిన పద్ధతి వంటిదే ఇది.

తెరిచిన కొద్ది నెలలకే, 1762లో డోఫినే ప్రాంతంలో పశువులకు అంటువ్యాధి సోకింది. విద్యార్థులను అక్కడికి పంపారు. వారు సాధించిన ఫలితాలు ప్రభుత్వాన్ని సంతృప్తి పరచాయి. 1764లో సంస్థకు రాజకీయ పశువైద్య పాఠశాల అన్న బిరుదు లభించింది. విదేశాల నుండి విద్యార్థులు రాసాగారు. లిన్నేయస్ శిష్యుడైన స్వీడను దేశీయుడు హెర్న్‌క్విస్ట్, డెన్మార్కు నుండి ఆబిల్గార్డ్, తూరిన్ నుండి బ్రున్యోనె అలా వచ్చినవారే. వారు తమ దేశాలకు తిరిగి వెళ్ళి పాఠశాలలు స్థాపించారు. 1769లో తూరిన్, 1773లో కోపెన్‌హాగన్, 1775లో స్వీడనులోని స్కారా పాఠశాలలు ఆ విధంగా ఏర్పడ్డాయి.

ఆల్ఫోర్, ఫ్రాగొనార్

బూర్జెలా 1765లో పారిస్‌కు తరలి వెళ్ళాడు. నగరం వెలుపల ఆల్ఫోర్ కోటను ప్రభుత్వం కొనగా, 1766లో అక్కడ రెండవ పాఠశాల మొదలైంది. లియోన్‌లో తన దగ్గర శరీరశాస్త్రం బోధించిన ఒనొరే ఫ్రాగొనార్‌ను కూడా ఈయన ఆల్ఫోర్‌కు తీసుకువచ్చాడు. చర్మం ఒలిచి, రక్తనాళాలలో రంగు మైనం ఎక్కించి కళేబరాలను చెడిపోకుండా నిలబెట్టడంలో ఫ్రాగొనార్ సిద్ధహస్తుడు. ఆయన తయారు చేసిన గుర్రపురౌతు నమూనా నేటికీ ఆల్ఫోర్ ప్రదర్శనశాలలో ఉంది. చూసినవారికి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అయితే 1771లో బూర్జెలా ఆయనను ఉద్యోగం నుండి తొలగించాడు. ఇద్దరికీ పొసగలేదు. బూర్జెలా మాటకు ఎదురు చెప్పినవారు ఎక్కువ కాలం నిలవలేరని ఆనాటివారికి తెలిసిన విషయమే.

విమర్శలు

ఈయనకు గట్టి ప్రత్యర్థి ఫిలిప్ ఎతియేన్ లఫోస్. రాజుగారి గుర్రాలకు లాడాలు కట్టిన పేరుగల అశ్వవైద్యుని కుమారుడు. కొలిమి దగ్గర పుట్టి పెరిగినవాడు, శరీరశాస్త్రంలోనూ దిట్ట. స్వారీ మాత్రమే తెలిసిన పెద్దమనిషి గుర్రపు వైద్యానికి అధిపతి కావడం అతనికి మింగుడుపడలేదు. పారిస్‌లో సొంతంగా పాఠశాల తెరిచి కొన్నేళ్ళు నడిపాడు. 1772లో గొప్ప చిత్రాలతో అశ్వవైద్య గ్రంథం ప్రచురించాడు. చేతిపని నైపుణ్యంలోనూ, పరిశీలనలోనూ లఫోస్ తక్కువవాడు కాడు, కొన్ని విషయాలలో ఒక మెట్టు పైనే ఉన్నాడని చెప్పాలి. కాని పాఠశాలను నిలబెట్టగల రాజాదరణ బూర్జెలాకే ఉంది. లఫోస్ రాసినది పుస్తకంగా మిగిలింది, బూర్జెలా కట్టినది సంస్థగా నిలిచింది.

మరొక విమర్శ గుర్రపు అంగసౌష్ఠవం గురించినది. గుర్రపు తలను కొలమానంగా తీసుకుని మిగిలిన అవయవాలు ఏ నిష్పత్తిలో ఉంటే గుర్రం ఉత్తమమైనదో బూర్జెలా పట్టిక వేశాడు. మన దేశంలో శాలిహోత్రుని పేరిట ఉన్న అశ్వశాస్త్రంలోనూ, తెలుగులో మనుమంచి భట్టు అశ్వ లక్షణాలపై రచించిన గ్రంథంలోనూ సుడులు, రంగులు, అవయవాల పొంకం చూసి గుర్రం మంచిచెడులు నిర్ణయించే సంప్రదాయం కనిపిస్తుంది. బూర్జెలా సుడులను వదిలి కొలతలను పట్టుకున్నాడు. ఆ కొలతలకు పరీక్ష ఈయన మరణానంతరం ఇంగ్లాండులో జరిగింది. ఆ సంగతి దిగువన చూడవచ్చు.

శూల విషయంలో బూర్జెలా పాత్ర

బూర్జెలా శూలకు మందు కనిపెట్టలేదు. ఈయన పాఠశాలలలో సైతం రక్తమోక్షణం, వస్తి, కషాయాలు కొనసాగాయి. రక్తం తీయడం వలన బాధలో ఉన్న గుర్రం మరింత నీరసించి పోతుందని గ్రహించడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అయితే చచ్చిన ప్రతి గుర్రాన్నీ కోసి చూడాలన్న నియమం ఈ పాఠశాలల వలన స్థిరపడింది. ముందురోజు కనిపించిన లక్షణాలను, మరునాడు ప్రేగులో కనిపించిన దోషాన్ని పక్కపక్కన పెట్టి రాసుకునే అలవాటు అక్కడ మొదలైంది. ఇందుకు ఒక ఉదాహరణ ఈయన శిష్యుడు, ఆల్ఫోర్‌లో ఈయన తరువాత అధిపతి అయిన ఫిలిబేర్ షాబేర్. పశువుల కడుపులో పురుగుల వలన కలిగే వ్యాధులపై ఆయన 1782లో గ్రంథం ప్రచురించాడు. ప్రేగుల రక్తనాళాలలో చేరి శూలను కలిగించే ఎర్రపురుగుల బెడద రెండు శతాబ్దాల తరువాత, 1980లలో ఐవర్‌మెక్టిన్ మందు వాడుకలోకి వచ్చాక గాని బాగా తగ్గలేదు.

నేటి పశువైద్యులు చెప్పే లక్షణాలు ఆనాటి సాహిణులు చూసినవే. గుర్రం మేత మానుతుంది. ముందుకాలితో నేలను గీరుతుంది. తల తిప్పి మాటిమాటికీ తన డొక్క వైపు చూసుకుంటుంది, వెనుకకాలితో పొట్టను తన్నుకుంటుంది. పై పెదవి ముడుస్తుంది, పడుకుంటుంది, లేస్తుంది, పొర్లుతుంది, చెమట పడుతుంది. రోజుకు ఎనిమిది నుండి పన్నెండు సార్లు వేసే లద్దె తగ్గుతుంది లేదా నిలిచిపోతుంది. డొక్కకు చెవి ఆనిస్తే ఆరోగ్యంగా ఉన్న గుర్రంలో ప్రేగుల గడగడ వినిపిస్తుంది. అసలు ఏ శబ్దమూ లేకపోవడం మంచి సూచన కాదు. విశ్రాంతిలో నిమిషానికి 28 నుండి 44 వరకు ఉండవలసిన నాడి 60 దాటితే పరిస్థితి తీవ్రమని భావిస్తారు. బాగా పొర్లుతున్న గుర్రం హఠాత్తుగా నెమ్మదించి, నాడి మాత్రం వేగంగానే ఉంటే సంతోషించరాదు. ప్రేగు చచ్చిపోవడం గాని, పగలడం గాని జరిగి ఉండవచ్చు.

చేయవలసిన పని వెంటనే పశువైద్యుని పిలవడం. ఆయన వచ్చేలోగా మేత, దాణా తీసివేయాలి. గుర్రం తనను తాను గాయపరచుకోకుండా విశాలమైన చోట ఉంచాలి. నొప్పి కొద్దిగా ఉంటే కాసేపు నెమ్మదిగా నడిపించవచ్చు గాని, అలసిపోయేటట్లు గంటల తరబడి నడిపించడం తగదు. సీసాతో నూనె పోయడం ప్రమాదకరం, అది ఊపిరితిత్తులలోకి పోయి మరొక జబ్బు తెచ్చిపెడుతుంది. నొప్పి మందులు సొంతంగా ఇస్తే లక్షణాలు మరుగునపడి వైద్యుడు మోసపోతాడు. వైద్యుడు ముక్కు ద్వారా జీర్ణాశయంలోకి గొట్టం వేసి చూస్తాడు. వాంతి చేసుకోలేని జంతువుకు ఆ గొట్టమే పైకి వచ్చే దారి. మలాశయం గుండా చేయి పెట్టి ప్రేగుల స్థితిని తడిమి తెలుసుకుంటాడు. చాలా గుర్రాలు మందులతోనే కోలుకుంటాయి. మెలిక పడిన ప్రేగుకు మాత్రం శస్త్రచికిత్స తప్పదు, అందులో ప్రతి గంటా విలువైనదే.

నివారణ విషయం అంత కష్టమైనది కాదు. గడ్డి ముఖ్యాహారంగా ఉండాలి, గింజలు కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టాలి. మేత మార్చవలసి వస్తే వారం పదిరోజుల వ్యవధిలో క్రమంగా మార్చాలి. నీరు ఎల్లప్పుడూ అందుబాటులో ఉండాలి. పళ్ళు అరిగిన ముసలి గుర్రాలు సరిగా నమలలేవు కనుక వాటిని ప్రత్యేకంగా గమనించాలి. మన పల్లెలలో గుర్రానికి ఉలవలు ఉడికించి గుగ్గిళ్ళుగా పెట్టే ఆచారం ఉంది. అయితే అవి కూడా గింజలే. ఒక్కసారిగా ఎక్కువ పెడితే పులిసి ఉబ్బరం చేసే గుణం వాటికీ ఉంది.

ఎక్లిప్స్ గుర్రము, సెయిన్‌బెల్

బూర్జెలా మరణించిన పదేళ్ళకు, 1789 ఫిబ్రవరి 27న, ఇంగ్లాండులో ఎక్లిప్స్ అనే సుప్రసిద్ధ పందెపు గుర్రం చనిపోయింది. పద్దెనిమిది పందాలలో ఒక్కసారి కూడా ఓడని ఈ గుర్రాన్ని ఇరవై నాలుగేళ్ళ వయసులో బలిగొన్నది శూలయే. దాని శరీరాన్ని కోసి పరిశీలించే అవకాశం లియోన్ పాఠశాలలో చదివి ఇంగ్లాండుకు వచ్చిన సెయిన్‌బెల్‌కు దక్కింది. ఆయన దాని ఎముకలను కొలిచి, తన గురువుగారి పట్టికతో పోల్చి చూశాడు. ప్రపంచంలో అత్యంత వేగం గల గుర్రం ఆ పట్టికలోని నిష్పత్తులకు సరిపోలేదు. సెయిన్‌బెల్ దీనిని దాచకుండా ప్రచురించాడు. గుర్రాన్ని కోసి, కొలిచి, చూసినది చూసినట్లు రాయమని నేర్పిన పాఠశాల నుండి వచ్చినవాడే గురువు పట్టికను తప్పని నిరూపించడం గమనార్హం.

ఎక్లిప్స్ పరిశీలనతో సెయిన్‌బెల్‌కు వచ్చిన పేరు లండన్‌లో పశువైద్య కళాశాల స్థాపనకు తోడ్పడింది. 1791లో ఆ కళాశాల ఏర్పడగా ఆయనే మొదటి ఆచార్యుడయ్యాడు. రెండేళ్ళకే, 1793లో మరణించాడు. బ్రిటిషు ఏలుబడిలో పశువైద్య విద్య భారతదేశానికి వచ్చినది ఈ ఆంగ్ల శాఖ ద్వారానే. 1882లో లాహోరులో, 1903లో మద్రాసులో పశువైద్య కళాశాలలు వెలిశాయి. ఆంధ్ర ప్రాంతపు తొలితరం పశువైద్యులు చాలామంది మద్రాసు కళాశాలలో చదివినవారే.

చివరి దశ

1777లో బూర్జెలా తన పాఠశాలలకు నియమావళి రచించి ప్రచురించాడు. విద్యార్థులు పేదల పట్ల ఉదారంగా ఉండాలని, ధనసంపాదన కంటే చేసిన మేలును ఎక్కువగా ఎంచాలని అందులో ఉద్బోధించాడు. చివరి సంవత్సరాలలో అనారోగ్యంతో బాధపడుతూ 1779 జనవరి 3న మరణించాడు. ఆల్ఫోర్ పాఠశాల ప్రాంగణంలో 1876లో ఈయన విగ్రహం ప్రతిష్ఠించారు. లియోన్ పాఠశాల స్థాపనకు 250 ఏళ్ళు నిండిన 2011ను ప్రపంచ పశువైద్య సంవత్సరంగా జరుపుకున్నారు. ఆ పాఠశాల పుట్టుకకు కారణమైన ముసర వ్యాధి భూమిపై నుండి పూర్తిగా నిర్మూలించబడిందని ప్రకటించినది కూడా అదే సంవత్సరంలో.